చలికాలం కబుర్లు: పరుగు, పార, పతంగి దారం

చలి గట్టిగానే పట్టింది కదూ! జనవరిలో మన హైదరాబాద్ పాతబస్తీ యాకుత్‌పురాలో పొద్దు ఆరూ ముప్పావుకి గానీ పొడవదు. అయినా ఆదివారం ఆరింటికల్లా రైల్వే స్టేషన్ బయట మఫ్లర్లూ మంకీ క్యాపులూ గుమిగూడుతూనే ఉన్నాయి. ఫజర్ నమాజు చేసుకుని వచ్చేవాళ్లు కొందరు, దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేవాళ్లు కొందరు, కళ్లు నులుముకుంటూ వచ్చే ఇంటర్ పిల్లలు కొందరు. అందరి చేతుల్లోనూ ఒక ఖాళీ సంచి మాత్రం ఉంటుంది. కొత్తవాళ్లెవరైనా చూస్తే, "కూరగాయలకి ఇంత పరుగెందుకు?" అని అడుగుతారు. కూరగాయల ముచ్చట కూడా ఉందిలెండి, కాస్త ఆగండి.

మన ఆదివారం పరుగు జట్టు పద్ధతి ఇదీ. ఆటోలు రోడ్డెక్కకముందే గల్లీల్లో మూడు కిలోమీటర్ల పరుగు. ఆ పరుగు ఏదో ఒక పార్కు గేటు దగ్గర ఆగుతుంది. అక్కడ ముప్పావు గంట పని. ఆ తర్వాత చాయ్. పరుగుకి రాలేనివాళ్లు నడిచి వస్తారు, నడవలేనివాళ్లు తిన్నగా పార్కుకే వస్తారు. చాయ్ దగ్గరికి మాత్రం అందరూ ఒకే వేగంతో చేరతారు.

ఎవరెవరు వస్తున్నారంటారా? రైల్వేలో చేసి రిటైరైన సార్, జర్దోజీ కార్ఖానాలో రోజంతా మెడ వంచి కుట్టే కుర్రాళ్లు ఇద్దరు, బురఖా కింద కొత్త స్పోర్ట్స్ బూట్లు తళతళలాడించే ఖాలా, ఆమెతో మాట కలుపుతూ చీర కుచ్చిళ్లు దోపుకుని నడిచే మన గల్లీ అక్క, మాదన్నపేట మండీలో కూరగాయలమ్మే చాచా. జర్దోజీ కుర్రాళ్ల మాట ఒకటి చెప్పాలి. మగ్గం ముందు గంటల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లకి వారానికొకసారి కాళ్లు చాచి పరిగెత్తడం పండగలాంటిది. మొక్కల దగ్గర వాళ్ల వేళ్లు ఎంత సున్నితంగా కదులుతాయో చూసి తీరాలి.

అన్నట్టు, గల్లీ కుక్కలు వెంటపడుతున్నాయని కొత్తవాళ్లు భయపడుతున్నారు. పరిగెత్తేవాడిని చూస్తేనే వాటికి వెంటపడే బుద్ధి పుడుతుంది. ఆగండి, అడుగు తగ్గించండి, కళ్లలోకి చూడకుండా మామూలుగా నడవండి. నాలుగిళ్లు దాటగానే అవి తమ దారిన అవి పోతాయి. రెండు మూడు వారాలు గడిస్తే అవే స్టేషన్ దాకా సాగనంపుతాయి.

ఇక ఈ సీజన్‌లో అసలు సంగతి పతంగులు. సంక్రాంతి వచ్చిందంటే పాతబస్తీలో డాబా మీద చోటు దొరకదు. ధూల్‌పేటలో కట్టిన పతంగులు, గుల్జార్ హౌస్ దుకాణాల్లో వేలాడే చరఖాలు, ఎవరి పతంగి తెగినా "అఫా!" అని పదిళ్లకి వినబడే కేక. ఆ కేక వింటే నాకు ఇప్పటికీ ప్రాణం లేచి వస్తుంది. కానీ తెగిన పతంగి ఎక్కడికి పోతుంది? వేపచెట్టు మీదికి. పండగ మూడు రోజులూ అయ్యాక మన పార్కులో తలెత్తి చూడండి. చిగురు కంటే ముందు దారమే కనిపిస్తుంది.

నూలు దారమైతే ఎండకి, వానకి పాడై రాలిపోతుంది. నైలాన్ మాంజా అలా కాదు. ఏళ్ల తరబడి కొమ్మకి చుట్టుకునే ఉంటుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా దాన్ని నిషేధించింది. అయినా ఏటా చాటుమాటుగా దొరుకుతూనే ఉంది. చిలకలు, పావురాలు, గద్దలు సాయంత్రం గూటికి చేరేటప్పుడు ఆ దారం వాటి కంటికి ఆనదు. రెక్కకి పడిందంటే ఎంత కొట్టుకుంటే అంత బిగుస్తుంది. బండి మీద పోయే మనుషుల మెడలు తెగిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అందుకే సంక్రాంతి తర్వాత వచ్చే నాలుగు ఆదివారాలూ మన పని దారం తీయడమే.

ఎలా తీయాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే తొందరపడితే వేళ్లు తెగుతాయి. మామిడికాయలు కోసే దోటి ఉంటుంది చూడండి, దానితో కొమ్మని మెల్లగా కిందికి వంచాలి. దారాన్ని లాగకూడదు. లాగితే కొమ్మ బెరడు ఒలిచేస్తుంది, చేతిని కోసేస్తుంది. రెండు చివరలూ కత్తెరతో కత్తిరించి, మధ్య ముక్కని అట్టముక్కకి చుట్టాలి. తీసిన దారాన్ని ఉండలా చుట్టి చెత్తకుండీలో పడేయొద్దు. మేకలు కుండీలో మూతి పెడతాయి, కుక్కల కాళ్లకి దారం చుట్టుకుంటుంది. వేలెడంత ముక్కలుగా కత్తిరించి, సీసాలో కుక్కి, మూత బిగించి అప్పుడు వేయాలి. ఈ ముక్కలు చేసే పని పరుగుకి రాలేని పెద్దవాళ్లు తీసుకున్నారు. బెంచీ మీద వరుసగా కూర్చుని కబుర్లాడుతూ కత్తిరిస్తుంటే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నట్టే ఉంటుంది.

దారానికి చిక్కిన పిట్ట కనిపిస్తే ముందు దాని తల మీద బట్ట కప్పండి. చీకటైతే అది కొట్టుకోవడం మానేస్తుంది. రెక్కని సాగదీయకుండా, దారాన్ని శరీరానికి దూరంగా కత్తిరించి, అట్టపెట్టెలో పెట్టి పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఆ రోజుకి మీ పరుగు లెక్క అదే.

ఇక ఇళ్లలో సకినాల వాసన ఇంకా పోలేదు. అక్క తెచ్చిన సకినాల డబ్బా పార్కు బెంచీ మీద తెరవగానే ఖాళీ అవుతోంది. ఖాలాకి నువ్వుల లడ్డూలంటే మరీ ఇష్టం. చాచా మాత్రం చలికాలం పొద్దున్న నహారీ, కుల్చా తినకపోతే పాపమంటారు. పరుగుకి ముందు నహారీ వద్దు చాచా, తర్వాత తిను, మేమూ వస్తాం.

ఇప్పుడు ఆకుల సంగతి. బాదంచెట్టు ఆకులు చలికి ఎర్రబడి రాలుతున్నాయి. ఇంకొన్నాళ్లకి వేప, ఆ వెనకే కానుగ. పార్కు నిండా ఆకులే. ఒకసారి మూడు వారాలు కష్టపడి ఊడ్చి, ప్రహరీ మూలకి పెద్ద కుప్ప వేశాం. నాలుగో ఆదివారం వెళ్లేసరికి బూడిద! పక్కనున్న కానుగ కొమ్మలు కూడా కమిలిపోయాయి. అందరికీ కోపం వచ్చింది. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊడ్చే అమ్మని అడిగితే, "ఏంజేయాలె బిడ్డా, ఎత్తుకపోయే బండి నెలకొక్కసారి గూడ రాదు. కుప్ప పెరిగితే నన్నే అంటరు" అన్నది. ఆమె తప్పేమీ లేదు. ఆకులు వెళ్లడానికి దారి చూపించకుండా ఊడ్చమనే వాళ్లదే తప్పు. చెత్త బహిరంగంగా కాలిస్తే ఐదు వేల రూపాయల జరిమానా అని హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. పెద్ద ఎత్తున కాలిస్తే పాతిక వేలు. జరిమానా కంటే గొయ్యి తవ్వడం తేలిక అని మేం పార పట్టుకున్నాం.

చూశారా, కూరగాయల దగ్గరికి వచ్చేశాం. మీటరు లోతు గుంట. అడుగున జానెడు మందం ఎండుటాకులు. దాని మీద నాలుగు వేళ్ల మందం పచ్చి చెత్త. దాని మీద పేడనీళ్లు చిలకరింపు. మళ్లీ ఆకులు, మళ్లీ పచ్చిది. పచ్చి చెత్త ఎక్కడిదంటే, మాదన్నపేట మండీది. కాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకులు, క్యాబేజీ పై పొరలు, ముల్లంగి తలలు, నలిగిన కొత్తిమీర. మండీలో రోజూ కాళ్ల కింద పడి కుళ్లేవి. చాచా ఆదివారం పొద్దున్నే వాటిని ఏరి పక్కన పెడతారు. మనవాళ్లు తలా ఒక సంచి భుజానికి వేసుకుని అక్కడి నుంచి పార్కు దాకా పరిగెత్తుతారు. ఖాళీ సంచుల రహస్యం ఇదీ! జిమ్‌లో ఇనుము మోసే కుర్రాడొకడు క్యాబేజీ సంచితో పరిగెత్తి, రెండు రోజులు భుజం పట్టుకుని తిరిగాడు.

పదిహేను రోజులకొకసారి గుంటని తిరగేయాలి. చలికాలం పొద్దున్నే పారతో పైపొర తొలగించగానే లోపలి నుంచి ఆవిరి లేస్తుంది. మొదటిసారి చూసిన పిల్లలు నిప్పంటుకుందని అరిచారు. కుళ్లేటప్పుడు లోపల కంటికి కనిపించని జీవులు చేసే పనికి వేడి యాభై, అరవై డిగ్రీల దాకా చేరుతుంది. తడి సరిపోయిందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసి పిండండి. ఒకటి రెండు చుక్కలు వస్తే సరి. ధారగా కారితే ఎండుటాకులు ఇంకాస్త వేయాలి. మూడు నెలలకి నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఎరువు చేతికొస్తుంది. ఊడ్చే అమ్మ ఇప్పుడు ఆకుల్ని తానే గుంటలోకి తోస్తోంది. గుంట అంచులు చదును చేసే పని కూడా ఆమెదే. మేం వంకరగా తవ్వితే ఊరుకోదు.

అన్నట్టు, ఈ పరుగూ పనీ కలపడం మనమే కనిపెట్టామనుకుంటున్నారా? లండన్‌లో 2009 నుంచి ఇలాంటి బృందాలున్నాయి. జట్టుగా పరిగెత్తి వెళ్లి, కమ్యూనిటీ తోటల్లో మట్టి పని చేసి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లని పలకరించి, మళ్లీ పరిగెత్తి ఇళ్లకి పోతారు. స్వీడన్‌లో 2016లో పరిగెత్తుతూ చెత్త ఏరడం మొదలైంది. వాళ్ల భాషలో ఏరడానికీ జాగింగ్‌కీ ఉన్న మాటల్ని కలిపి దానికి ప్లాగింగ్ అని పేరు పెట్టారు. మన దేశంలో 2019 అక్టోబర్ 2న గాంధీ జయంతికి ఊరూరా ప్లాగ్ రన్‌లు జరిగాయి. అదే అక్టోబర్ 2న, 2004లో, లండన్‌లోని బుషీ పార్కులో 13 మంది కలిసి పరిగెత్తితే అది వారం వారం జరిగే ఉచిత పరుగై దేశదేశాలకి పాకింది. పదమూడు మందే సుమా! మనం ఆదివారం అంతకంటే ఎక్కువే ఉంటున్నాం.

మన ఊరికీ పరుగు కొత్త కాదు. ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి వేల మంది వస్తారు. నెక్లెస్ రోడ్డు, కేబీఆర్ పార్కు వైపు పొద్దున్నే బూట్ల చప్పుడే. మూసీకి ఇవతల మనకి అంత చోటు లేదు. ఉన్న చిన్న చిన్న పార్కుల్ని మనమే చూసుకోవాలి మరి.

చోటు లేదన్నాను గానీ, ఒకప్పుడు ఈ ఊళ్లో ఎన్ని తోటలుండేవో పేర్లే చెబుతాయి. మూసారాంబాగ్, జాంబాగ్, సీతారాంబాగ్, బాగ్ అంబర్‌పేట, బాగ్ లింగంపల్లి. బస్సెక్కడానికి వెళ్లే ఇమ్లీబన్ అంటే చింతతోపు. మన యాకూత్ అంటే కెంపు. మన బస్తీ పేరుతో ఒక దర్వాజా కూడా పాత నగర ప్రాకారానికి ఉండేది. ఇప్పుడు ఆ దర్వాజాల్లో నిలిచినవి దబీర్‌పురా, పురానాపూల్ రెండే. మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు దారి చెప్పేటప్పుడు మాత్రం యాకుత్‌పురా దర్వాజా పేరు నేటికీ వినిపిస్తుంది. దబీర్‌పురా దర్వాజా వైపు నుంచి పరిగెత్తే ఆదివారం, పిల్లలు ఆ కమాను కనబడగానే వేగం పెంచుతారు. ఎవరూ చెప్పకుండానే అది వాళ్లకి గెలుపు గీత అయిపోయింది.

నెలకొకసారి పొడుగు పరుగు పెట్టుకుంటున్నాం కదా, అది నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ దాకా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల మందిని మింగినప్పుడు నూటయాభై మంది దాకా ఆ చెట్టెక్కి బతికారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం అన్నీ జరిగాయి. ఆ చెట్టు దగ్గర మేం పనేమీ చేయం. కాసేపు నీడలో నిలబడి, నీళ్లు తాగి వెనక్కి తిరుగుతాం. మొదటిసారి వచ్చిన పిల్లవాడు కొమ్మలకేసి చూస్తూ, "నూటయాభై మందా? ఎట్ల ఎక్కిండ్రు సార్?" అని అడిగాడు. రైల్వే సార్ దగ్గర జవాబు లేదు. ఆయన ఆ చెట్టు మాను మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

ఇక నుమాయిష్ (ఎగ్జిబిషన్) రోజులు. జనవరి 1న నాంపల్లిలో మొదలైతే ఫిబ్రవరి సగం దాకా ఇంట్లో అందరికీ అదే ధ్యాస. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన సంబరం అది. రాత్రి పదకొండు దాకా అక్కడ మిర్చిబజ్జీలు తిని, పొద్దున్న ఆరింటికి లేవడం కష్టమే. ఆ నెలన్నర ఆదివారాలు హాజరు కాస్త పలచబడుతుంది. అయినా అటు వెళ్లినవాళ్లు ఒక పని చేస్తున్నారు. గులాబీ మొక్క కంటే ముందు తోట పని కత్తెర బేరమాడుతున్నారు. శుభం.

పిల్లలకి ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గర పడుతున్నాయి. ఫిబ్రవరి, మార్చిల్లో వాళ్లు కనిపించకపోతే అలగొద్దు. పరీక్షలయ్యాక రమ్మని చెప్పాం. ఒక పిల్ల వృక్షశాస్త్రం రికార్డు కోసం మన పార్కులోనే ఆకులు ఏరుకుపోయింది. గుంటలో పడాల్సినవి రికార్డులో పడ్డాయి, మంచిదే.

మొక్కలు నాటే సంగతి ఎవరో అడిగారు. ఇప్పుడు కాదండీ. నాటడం వానాకాలం పని. 2015లో హరితహారం మొదలయ్యాక ప్రతి వానాకాలమూ గుంతలు తవ్వడం, ఫోటోలు దిగడం అందరికీ అలవాటైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలన్నది దాని లక్ష్యం. లక్ష్యం గొప్పదే. కానీ ఆషాఢంలో నాటిన మొక్క బతికేదీ చచ్చేదీ తేలేది మాఘ ఫాల్గుణాల్లో, చైత్రంలో. ఆ మూడు నెలల్లో దాని ముఖం చూసేవాళ్లెవరు? నాటడానికి వచ్చే వందమందిని నేను తక్కువ చేయను. కానీ మొక్కకి కావలసింది వారం వారం వచ్చే ఇద్దరు. పరిగెత్తేవాళ్లలో నాకు నచ్చేది అదే. మొక్క ఉన్నా లేకపోయినా వాళ్లు ఆదివారం వస్తారు. కాళ్లకి అలవాటైన దారిలో ఒక బిందె నీళ్లు కలిపితే చాలు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది పాదులు సరిచేయడం. మొదలుకి మూరెడు దూరంలో చుట్టూ గట్టు, లోపల గుల్ల చేసిన మట్టి, పైన ఆకుల పరుపు. ఆ ఆకులు కప్పితే తేమ తొందరగా ఆరిపోదు. కాండానికి మాత్రం తగలనీయొద్దు, చెదలు పడతాయి. పరుగు ఆపగానే గునపం ఎత్తొద్దని రైల్వే సార్ ప్రతి వారం చెబుతారు. ఐదు నిమిషాలు నడిచి, ఊపిరి కుదురుకుని, నీళ్లు తాగి, అప్పుడు వంగాలి. నడుము వంచి కాదు, మోకాళ్లు మడిచి. ఆయన మాట వినని ఇద్దరికి ఖాలా ఇంట్లోంచి నొప్పుల తైలం తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

ఇంకో ముచ్చట. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కదా, ఈమధ్య శివరాత్రి చుట్టుపక్కలకే వస్తోంది. రెండు ఉపవాసాలూ ఒకే నెలలో! రోజా ఉన్నవాళ్లు ఆ నెల పరుగు పెట్టుకోవద్దని అందరం కలిసి అనుకున్నాం. మిగతావాళ్లు పొద్దున పూట నీళ్లు పోస్తారు. రోజా ఉన్నవాళ్లకి ఓపికుంటే అసర్ నమాజు తర్వాత, ఎండ తగ్గాక, వచ్చి పాదులు చూసిపోతారు. ఇఫ్తార్ అయ్యాక హలీం గిన్నె ఎవరింటి నుంచి ఎవరింటికి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

శివశివా అంటూ చలి వెళ్లిపోగానే ఎండ మీద పడుతుంది. మార్చి నుంచి తొలకరి దాకా మన పార్కులో కిందటేడు నాటిన ప్రతి మొక్కకీ వారానికి కనీసం రెండుసార్లు నీళ్లు కావాలి. ఆదివారం మేం ఉన్నాం. బుధవారానికి మనుషులు తక్కువగా ఉన్నారు. పరిగెత్తక్కర్లేదు, పొద్దున్న పాలపాకెట్‌కి వచ్చినప్పుడు ఒక్క క్యాను పోసి వెళ్లినా సరే. క్యాన్లు పార్కు కుళాయి పక్కనే బోర్లించి ఉన్నాయి. మాంజా తీయడానికి వచ్చేవాళ్లకి చేతి తొడుగులు మా దగ్గర ఉన్నాయి, కత్తెర మాత్రం మీ ఇంటి నుంచి తెచ్చుకోండి. ఆదివారం ఆరింటికి, స్టేషన్ బయట.